ఊఁ కొట్టిన పాపానికి

తిరుపతిలో తిలక్ రోడ్డు వెనక సందులో ఇత్తడి సామాన్ల అంగడి ఒకటి ఉంది. దాని మేడమీద పాతకాలపు హాలు. నెలకొక శనివారం సాయంత్రం కవితలు రాసేవాళ్ళు, వినేవాళ్ళు ఆ హాల్లో చేరతారు. మెట్లెక్కుతుంటే కింద బిందెలు తోమిన చింతపండు పులుపు ముక్కుకు తగులుతుంది. పైకి వెళ్ళాక ఆ వాసన పోయి, ఎవరో పొట్లం కట్టి తెచ్చిన మసాలా వడల వాసన వస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలు, ముందర ఒక మైకు, వెనక గోడకు ఆనించి నల్లటి స్పీకరు పెట్టె. అంతే సభ. ఎవరైనా లేచి చదవొచ్చు. పేరు చెబితే చాలు, వంతు వస్తుంది.

నిస్సీ కొన్ని నెలలుగా అక్కడికి వస్తోంది. ఊరు నాయుడుపేట. తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని. కొర్లగుంటలో చిన్న రూము తీసుకొని, బ్యాంకు పరీక్షలకు కోచింగుకు వెళ్ళే చెల్లెలు ప్రశాంతితో ఉంటోంది. ఇన్నాళ్ళూ వెనక వరుసలో కూర్చొని విని వెళ్ళిపోయేది. ఈ నెల మాత్రం ధైర్యం చేసి పేరు ఇచ్చింది.

"నువ్వు చదివేది సూడాల్సిందే అక్కా" అని ప్రశాంతి వెంటపడి వచ్చింది. ఆ పిల్లకు కవిత్వం అంటే నవ్వు. ఎవరైనా గొంతు వణికించి చదివితే చున్నీ నోట్లో కుక్కుకొని భుజాలు ఊపేది. కానీ అక్క అంటే ప్రాణం. చిన్నప్పుడు అమ్మ కథ చెబుతుంటే ప్రశాంతే ఊఁ కొట్టాలి. నిద్రపోయినా ఊఁ కొట్టడం మానేది కాదు. "ఇది నిద్రలో గూడా పలుకుతాది" అని నాయన మురిసిపోయేవాడు.

సభ నడిపేది మునిశేఖర్. ఫ్లెక్సీలు ప్రింటు చేసే అంగడి ఆయనది. మైకు, పెట్టె కూడా ఆయనవే. చదివేవాళ్ళందరినీ ముందు వరుసలోకి రమ్మన్నాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ ముందుకు వచ్చి కూర్చున్నారు. ఆ వరుస చివర, నిస్సీ పక్కన చంద్రకాంతమ్మ కూర్చొని ఉంది. డెబ్భై దాటిన మనిషి. చిత్తూరు నుంచి ప్రతినెలా బస్సులో వస్తుంది. ఎప్పుడూ చదవదు, చప్పట్లు కొట్టదు. మైకుకు దగ్గరగా ఉన్న ఆ కుర్చీ తప్ప వేరేచోట కూర్చోదు. ఈమె ఎందుకు వస్తుందో నిస్సీకి ఎప్పుడూ అర్థం కాలేదు.

కార్తీకమాసపు వాన అప్పుడే మొదలైంది. రవిచంద్ర అనే కుర్రవాడు ప్రేమ కవిత చదివాడు. ప్రశాంతి చున్నీ నోట్లో కుక్కుకుంది. తర్వాత నిస్సీ లేచింది. కాగితంలోంచి తల ఎత్తకుండా చదివింది.

"ముడుచుకున్న పిడికిలి విప్పమంటాను
అయిపోయిందమ్మా నొప్పి, అంటాను
ఎవరి నొప్పి ఎక్కడ అయిపోయిందో
నేను అంటించే చీటీ మీద ఉండదు"

ముగిసేసరికి హాలంతా చప్పట్లు. మునిశేఖర్ "మల్లా ఒకసారి, మల్లా ఒకసారి" అన్నాడు. ప్రశాంతి రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. అక్క వచ్చి కూర్చోగానే చెయ్యి పట్టుకొని, "నిజంగా బాగుండాది మే" అంది. ఆ పిల్ల కళ్ళలో నవ్వు లేదు. తడి ఉంది.

ఆ సంతోషంలో ఉండగానే పెద్ద ఉరుము ఉరిమింది. కరెంటు పోయింది.

సందులో కూడా ఎక్కడా వెలుతురు లేదు. కిటికీలు వానకని మూసేసి ఉన్నాయి. పక్కమనిషి ముఖం కనిపించనంత చీకటి. "మెయిను సూసొస్తానప్పా, కూసోండి" అంటూ మునిశేఖర్ మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. వాన రేకుల మీద దబదబా కొడుతోంది. చీకట్లో ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ జరుపుకున్నారు.

అప్పుడు మైకు మీద ఎవరో వేలితో తట్టారు.

టప్... టప్...

"నా పేరు రాసుకోలేదు" అంది ఒక ఆడగొంతు. "సదవొచ్చునా?"

ముసలి గొంతు కాదు. పడుచు గొంతూ కాదు. చాలాసేపు నీళ్ళలో నాని వచ్చినట్టు బరువుగా ఉంది.

వరుస అటు చివర నుంచి రవిచంద్ర ఫోను లైటు వేయబోయాడు. పక్కవాళ్ళ మోకాళ్ళ మీద తెల్లటి వెలుగు పడింది.

"ఎలుతురు వద్దబ్బా" అంది ఆ గొంతు మెల్లగా. "ఎలుతుర్లో నాకు సిగ్గు."

రవిచంద్ర చిన్నగా నవ్వి ఆర్పేశాడు. ఎవరో పల్లె మనిషి, కొత్తగా వచ్చినట్టుంది, బెదురుతోంది పాపం అనుకున్నారు అందరూ. నిస్సీ కూడా అలాగే అనుకుంది. తనూ ఇందాక బెదిరిన మనిషే కదా.

అంతలో ఆమె మణికట్టును ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చంద్రకాంతమ్మ. చెవి దగ్గరికి వంగి గుసగుసగా అంది.

"పలకబాక మే. ఏమడిగినా పలకబాక. నీ పక్కదానికీ చెప్పు."

"ఎందుకవ్వా?"

"చెప్పు ముందు."

కానీ అప్పటికే ఆ గొంతు మొదలుపెట్టింది. ఒకరు చదువుతుంటే మాట్లాడకూడదని నిస్సీ ఊరుకుంది.

"ఏటి ఒడ్డున ఒక ఇల్లుండె...
ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటి...
వాన పడతా ఉండె...
వాకిలి తెరిసే ఉండె..."

ఆగింది. కవిత చదివేవాళ్ళు ఊపిరి కోసం ఆగినట్టు కాదు. పక్కలో పడుకున్న పిల్లలు ఊఁ అంటారేమో అని అమ్మలు ఆగుతారే, అలా ఆగింది. వాన చప్పుడు ఒక్కటే. ఎవరూ పలకలేదు. ఆ మౌనంలో ఏదో ఆశగా ఎదురుచూస్తున్నట్టుంది.

"వాకిట్లో ఎవురో నిలబడిండ్రి...
ఎవురని అడిగితి...
పలకలేదు...
మల్లా అడిగితి..."

మళ్ళీ ఆగింది.

"ఊఁ" అంది ప్రశాంతి.

ఆటకే అంది. గొంతులో నవ్వు కూడా ఉంది. నిస్సీ మణికట్టు మీద చంద్రకాంతమ్మ వేళ్ళు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. "అయ్యో... అయ్యో తల్లీ" అని ఆమె ఊపిరితోనే అంది.

మళ్ళీ ఆ గొంతు వచ్చింది. ఇప్పుడు దానిలో సంతోషం ఉంది.

"ఆఁ... ఒకరికి ఇనబడతా ఉండాది."

నిస్సీకి అప్పుడు తట్టింది. గొంతు మైకు దగ్గర నుంచి రావడం లేదు. వెనక గోడ దగ్గరున్న స్పీకరు పెట్టె లోంచి వస్తోంది, పెద్దగా, స్పష్టంగా. తల తిప్పి చూసింది. కరెంటు ఉన్నంతసేపూ ఆ పెట్టె మీద చిన్న ఎర్ర బల్బు వెలుగుతుంది. ఇప్పుడక్కడ చీకటే ఉంది.

కరెంటు లేదు. మరి మైకు ఎలా పలుకుతోంది?

"నిలబడింది ఇద్దురు...
అక్కొకతి, సెల్లెలొకతి...
సెల్లెలు నన్ను సూసి నవ్వె..."

"ఊఁ" అంది ప్రశాంతి.

ఈసారి నవ్వు లేదు. నిద్రలో పలికినట్టు ఉంది.

"మే, గమ్మునుండు" అని నిస్సీ చెల్లెలి భుజం కుదిపింది. భుజం బిర్రుగా, కర్రలా ఉంది. "ప్రశాంతీ... లే, పోదాం పా."

"రా అంటే వచ్చె...
గడప దాటి లోపలికి వచ్చె..."

"ఊఁ."

నిస్సీ చేత్తో చెల్లెలి నోరు మూసింది. పెదవులు చల్లగా తగిలాయి. మూసుకొనే ఉన్నాయి. గట్టిగా, పళ్ళు బిగబట్టి మూసుకొని ఉన్నాయి. అయినా అరచేతి కింద మళ్ళీ అదిరింది...

"ఊఁ..."

ఆ శబ్దం గొంతులోంచి రావడం లేదు. ఇంకా కిందనుంచి, ఎక్కడో లోతునుంచి వస్తోంది.

"అవ్వా, ఏం చెయ్యాల? చెప్పవ్వా!" నిస్సీ ఆమె వైపు తిరిగి అడిగింది.

"నాకు తెలీదు మే" అంది చంద్రకాంతమ్మ. "ఇంతవరకు ఎవురూ పలకలా. పలక్కుంటే కొంచేపుండి పోతాది. అంతే తెలుసు నాకు. కత ముగిసేదాకా పోనీబాక... ముగిస్తే ఏమవుతాదో..."

గొంతు వేగం పెంచింది. ఇక ఆగి ఎదురుచూడటం లేదు. ఊఁ దానంతట అదే పడుతోంది.

"సెల్లెలు పీట మీద కూసునె..."

"ఊఁ."

"అక్క బయటనే నిలబడిపోయె..."

"ఊఁ."

"వాన జాస్తి అయ్యె... వాకిలి మూద్దామని నేను లేస్తి..."

యేసయ్యా, యేసయ్యా అనుకుంటోంది నిస్సీ. చేతిలో ఉన్న చెల్లెలి ముఖం నిమిషనిమిషానికీ చల్లబడుతోంది. ఆ తలుపు మూయకూడదు. ఎందుకో తెలియదు, మూస్తే ఈ పిల్ల తనకు దక్కదని మాత్రం తెలుస్తోంది. కథ ఆపాలి. కథను ఎలా ఆపుతారు? చిన్నప్పుడు తామిద్దరూ ఎంతకీ నిద్రపోకపోతే, విసుగెత్తి అమ్మ కథ ఎలా ఆపేసేది?

నిస్సీ చెల్లెల్ని వదిలి లేచి నిలబడింది. మైకు ఉన్నవైపు తిరిగి, గుండెలో ఉన్న బలమంతా కూడదీసుకొని అరిచింది.

"అయిపోయింది! కత కంచికి పోయింది, మనం ఇంటికి పోదాం!"

గొంతు ఆగిపోయింది.

స్పీకరు పెట్టె లోంచి సన్నటి కూత ఒకటి వచ్చి, సాగి సాగి తెగిపోయింది. వాన చప్పుడు కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. నిస్సీ చీకట్లో తడుముకుంటూ చెల్లెలి చెయ్యి కోసం వెతికింది. కుర్చీ తగిలింది. చున్నీ తగిలింది. చెయ్యి దొరికింది. గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి కూడా అంతే గట్టిగా పట్టుకుంది.

"ప్రశాంతీ?"

"ఆఁ... అక్కా."

ప్రాణం లేచి వచ్చింది నిస్సీకి.

మునిశేఖర్ కొవ్వొత్తి పట్టుకొని పైకి వచ్చాడు. "ట్రాన్స్‌ఫార్మర్ పేలిందంట. ఇంగ ఈ పూటకు రాదు. నిదానంగా దిగండప్పా" అన్నాడు. తర్వాత మైకు వైపు చూసి, "దీన్ని ఎవురు తిప్పినారు?" అన్నాడు. మైకు స్టాండు సభకు ఎదురుగా లేదు. పక్కకు తిరిగి, బాగా కిందికి వంగి ఉంది. ప్రశాంతి కుర్చీలో కూర్చున్న మనిషి నోటికి అందేంత దగ్గరగా.

"ఆ చదివినామె ఎవురన్నా? బాగా చదివె" అని రవిచంద్ర అడుగుతున్నాడు. మునిశేఖర్‌కు అర్థం కాలేదు. "ఎవురు చదివినారు? నేను లేంది సూసి చదివేసినారా?" అని నవ్వాడు.

నిస్సీ ఇవేవీ నిలబడి వినలేదు. చెల్లెలి చెయ్యి వదలకుండా మెట్లవైపు నడిచింది. మెట్ల మధ్య మలుపులో చంద్రకాంతమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఆయాసపడుతోంది.

"ఆమె ఎవురో నాకూ తెలీదు మే" అంది. "ఈ మేడ మింద నలుగురు చేరి మాట చెప్పుకొనే పూట, కరెంటు పోతే వస్తాది. రెండు తూర్లు నా చెవులతో ఇన్నా. అప్పుటి నించి రాకుండా ఉండలేను. ఎవురన్నా తెలీక పలుకుతారేమోనని ఆ కుర్చీలో కూసుంటా. ఈ పొద్దు ఆపలేకపోతి."

"ఆపేసినాను కదవ్వా. పోయింది."

ముసలామె తలెత్తింది. కిందనుంచి ఎవరిదో ఫోను వెలుగు ఆమె ముఖం మీద పడి పోయింది. ఆ ముఖంలో ఊరట లేదు.

"కత కంచికి, మనం ఇంటికి అంటివే" అంది మెల్లగా. "మనం అంటే ఎవురెవురమ్మా?"

నిస్సీ చెల్లెల్ని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఈ పొద్దు ఇంటికి పోబాకండి. దానికి ఇల్లు సూపించబాకండి. తెల్లారేదాకా జనం మధ్యలో యాడన్నా ఉండండి. పోండి, పోండి."

అక్కచెల్లెళ్ళు వానలోనే ఆటో ఎక్కారు. కొర్లగుంట వైపు పోలేదు. నిస్సీ బస్టాండుకు పోనిమ్మంది. తిరుపతి బస్టాండులో ఎప్పుడూ జనమే. గుండ్ల మీద గంధం పూసుకున్న యాత్రికులు, లడ్డూ సంచులు, పరుచుకున్న దుప్పట్లు, ఏడ్చే పిల్లలు. తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి బస్సుల పేర్లు చదువుతున్నారు. ట్యూబులైట్లు పగలులా వెలుగుతున్నాయి. ఆ వెలుగులో చూస్తే ప్రశాంతి ప్రశాంతిలాగే ఉంది. జడ ఊడి, చున్నీ తడిసి, కొంచెం పాలిపోయి ఉంది. అంతే.

స్తంభం పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. నిస్సీ ఇడ్లీ పొట్లం కొనుక్కొచ్చి ఒళ్ళో పెట్టింది. ప్రశాంతి ఒక చేత్తో అక్క చెయ్యి పట్టుకొనే, రెండో చేత్తో తినసాగింది. వంచిన తల ఎత్తకుండా, ఆకుకు అంటుకున్న చట్నీ కూడా వదలకుండా తింది.

"భయపడినావా?" అని నిస్సీ అడిగింది.

ప్రశాంతి తల అడ్డంగా ఊపింది.

"ఏమన్నా గుర్తుండాదా?"

మళ్ళీ తల ఊపింది. ఖాళీ ఆకు పక్కన పెట్టి అంది. "ఇంటికి ఎప్పుడు పోదాం?"

"తెల్లారినాక పోదాం రూముకు."

"రూముకు కాదు" అంది ప్రశాంతి. "ఇంటికి."

నిస్సీ ఏదో అనబోయేలోపు ఫోను మోగింది. అమ్మ. ఆ పేరు చూడగానే ఏడుపొచ్చింది. ఎత్తగానే అమ్మ విరుచుకుపడింది.

"ఏం మే, బుద్ధుండాదా నీకు? ఈ వానలో ఆ బిడ్డను ఒంటిగా పంపిస్తావా?"

"ఎవరిని మా?"

"ఎవరినేంది! ప్రశాంతిని. ఇప్పుడే వచ్చె. తడిసి ముద్దయి వాకిట్లో నిలబడి ఉండాది. మీ నాయన తువ్వాలిచ్చి లోపల కూసోబెట్టినాడు. ఒళ్ళంతా వణుకు. కాళ్ళకు చెప్పులు గూడా లేవు. ఏమయ్యిందంటే ఒక్క మాట మాట్లాడదు. కొట్లాడుకున్నారా ఇద్దరూ?"

నాయుడుపేటలో ఇల్లు. తామిద్దరూ కొర్లగుంటను ఎప్పుడూ రూము అనే అంటారు. ఇల్లు అంటే నాయుడుపేటే. హాలు మెట్లు దిగి ఎంతసేపయిందని? తిరుపతి నుంచి నాయుడుపేటకు ఎంత వేగంగా పోయినా ఈపాటికి దారిలో ఏర్పేడు కూడా దాటరు.

"మా..." అంది, పక్కకు చూడకుండా. "అది ప్రశాంతి కాదు మా. ప్రశాంతి నా కాడ..."

"ఏం మాటలే అవి? నా బిడ్డను నాకు తెలీదా? చిన్నప్పుడు పెట్టిన వాత మచ్చతో సహా నా ఎదురుగా ఉండాది. ఇదో, నీతోనే మాట్లాడాలంట. ఇస్తా ఉండా."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. వెనక నాయన గొంతు, "మెల్లగా మాట్లాడు తల్లీ" అంటోంది. తర్వాత ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు వినిపించింది. చిన్నప్పటి నుంచి వింటున్న గొంతు. పొరబాటు పడే వీల్లేని గొంతు.

"అక్కా... నన్ను ఆ చీకట్లోనే వదిలేసి పోయినావే. నేను అరస్తానే ఉంటి. నీకు ఇనబడలా. నీ ముందరే నిలబడి అరస్తి..."

నిస్సీ ఫోను చెవికి అదిమి పెట్టుకుంది.

"నువ్వు చెయ్యి చాపితివి... నేను అందుకునే లోపల..."

గొంతు ఆగింది. బస్టాండు మైకులో గూడూరు బస్సు పేరు చదువుతున్నారు. పిల్ల ఎవరో ఏడుస్తోంది.

"అక్కా... నువ్వు ఎవురి చెయ్యి పట్టుకొని పోయినావు?"

నిస్సీ పక్కకు చూడలేదు. చూడలేకపోయింది. తన అరచేతిలో ఉన్న ఆ చెయ్యి మాత్రం మెల్లగా కదిలింది. వేళ్ళ సందుల్లోకి వేళ్ళు ఒక్కొక్కటిగా పోనిచ్చి, హాయిగా సర్దుకొని, మళ్ళీ పట్టుకుంది.